ఆడి టీటీ దిగి స్కోడా కైలాక్ ఎక్కాను: 61 ఏళ్లకు నా కారు వేట

కొత్త కారు ఇంటికొచ్చి ఇవాళ్టికి 11 రోజులు. నిన్న రాత్రే శ్రీశైలం నుంచి తిరిగొచ్చాం. నా ఈడువాళ్లలో చాలామంది ఇదే నిర్ణయం దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయి ఉన్నారని తెలుసు. అందుకే అన్నీ గుర్తుండగానే రాస్తున్నాను.

నా మొదటి కొత్త కారు 2001లో కొన్న హోండా సిటీ వీటెక్. ఆ రోజుల్లో 106 హార్స్‌పవర్ అంటే రోడ్డు మీద రాజే. దాని తర్వాత స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్, 150. చివరగా సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న స్పోర్ట్స్ కారు ఆడి టీటీ, 230. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ మీద రెండుసార్లు నడిపాను. ఇన్నేళ్లలో ఒక్క యాక్సిడెంటు లేదు. గొప్పగానే చెబుతున్నాను. ఎందుకు చెబుతున్నానో కింద తెలుస్తుంది.

టీటీ వదిలేయాలని నాకు నేనుగా అనుకోలేదు. మా ఆవిడకు కిందటేడు రెండు మోకాళ్లూ మార్చారు. ఫిబ్రవరిలో సూర్యాపేటలో మా మేనకోడలి పెళ్లి. ఫంక్షన్ హాల్ ముందు కారు ఆపి తలుపు తీశాను. పట్టుచీర, నేలకు మూరెడు ఎత్తులో సీటు, పక్కనే మెట్లు. ఎటు తిరిగినా ఆవిడకు లేవడం కుదరలేదు. చివరికి ఇద్దరు తోడికోడళ్లు చెరో రెక్క పట్టుకుని పైకి లాగారు. హాలు ముందు నిలబడ్డవాళ్లందరూ చూశారు. తిరిగి వచ్చేటప్పుడు చౌటుప్పల్ దాటేదాకా ఆవిడ మాట్లాడలేదు. తర్వాత "ఏవండీ, ఈ కారులో ఇక నేను ఎక్కడికీ రాను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

టీటీ అమ్మకం వారంలో అయిపోయింది. ఆ మోడల్ తయారీ 2023 నవంబరులోనే ఆగిపోయింది కాబట్టి అడిగేవాళ్లకు కొదవ లేదు. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి డబ్బులు తీసుకోగానే పని అయిపోయిందనుకోకండి. ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారిందని ఆన్‌లైన్‌లో మీ కళ్లతో చూసుకోండి. మన తెలంగాణలో సొంత పేరు మీద ఒక కారు ఉండగా రెండోది కొంటే లైఫ్ ట్యాక్స్ 2 శాతం ఎక్కువ పడుతుంది. మధ్యవర్తి "అయిపోయింది సార్" అంటూనే మూడు వారాలు తిప్పాడు. నేను రోజూ ఫోన్ చేయకపోయి ఉంటే 20 వేలు ఊరికే పోయేవి.

ఇక కొత్తది. 4 మీటర్ల లోపు పొడవున్న చిన్న ఎస్‌యూవీలే చూశాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నా జాగా రెండు స్తంభాల మధ్య ఉంటుంది, పెద్ద బండి పట్టదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఈ సైజుకే బాగా తగ్గింది. పొడవు 4 మీటర్లు, పెట్రోల్ ఇంజిను 1200 సీసీ దాటకపోతే 18 శాతం. దాటితే 40. మారుతి బ్రెజా పొట్టిదే అయినా ఇంజిను 1462 సీసీ కాబట్టి అది 40లో పడుతుంది. షోరూముల్లో ఈ తేడా ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

మా అబ్బాయి పెద్ద స్క్రీన్, సన్‌రూఫ్ అంటూ లిస్టు తయారుచేశాడు. నేను టేపు పట్టుకెళ్లాను. నేల నుంచి సీటు అంచు దాకా కొలిచాను. టీటీలో 18 అంగుళాలు ఉండేది. మా ఆవిడ ఇంట్లో ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుని లేచే మంచం 24. అంటే 24కు తగ్గకూడదు, మరీ 28 అయితే ఎక్కడానికి మళ్లీ కాలు ఎత్తాలి. నాకు తెలిసి ఈ వయసులో కారు కొనేవాళ్లకు ఇంతకన్నా ముఖ్యమైన లెక్క లేదు. మైలేజీ తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ షోరూమ్ సంగతి. పేరు రాయను, నగరంలో పెద్దదే. ముగ్గురం వెళ్లాం. పాతికేళ్ల కుర్రాడు వచ్చాడు. నేనడిగిన ప్రతి ప్రశ్నకూ మా అబ్బాయి ముఖం చూస్తూ జవాబు చెప్పాడు. "గేర్‌బాక్స్ టార్క్ కన్వర్టరా, డ్యూయల్ క్లచ్చా?" అని, ఆటోమేటిక్‌లో ఏ రకమో అడిగాను. "నాన్నగారికి ఆటోమేటిక్ అయితే ఈజీ సార్" అని మావాడికి చెప్పాడు. మావాడు ఇబ్బంది పడి, "కారు నాన్నది. ఆయనతోనే మాట్లాడండి" అన్నాడు. అయినా మారలేదు.

టెస్ట్ డ్రైవ్‌కు తాళం మావాడి చేతిలో పెట్టాడు. నేను నడుపుతానన్నాను. "అంకుల్, 60 దాటినవాళ్లకు టెస్ట్ కారు ఇవ్వకూడదు, ఇన్సూరెన్స్ రూల్" అన్నాడు. ఆ రూల్ ఎక్కడుందో చూపించమన్నాను. మేనేజర్‌ను అడిగొస్తానని వెళ్లి 20 నిమిషాలు రాలేదు. నా లైసెన్సు కిందటేడే రెన్యువల్ అయింది. మెడికల్ సర్టిఫికెట్ ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం పెడితే 5 ఏళ్లకు ఇచ్చారు. ప్రభుత్వం 5 ఏళ్లు నడుపుకోమంది, షోరూమ్ కుర్రాడు 5 కిలోమీటర్లకు కాదన్నాడు.

చివరికి మేనేజర్ వచ్చి, "పర్లేదులే, పెద్దాయనకు ఒక రౌండ్ వేయించు" అన్నాడు. చిన్నపిల్లల్ని బండి ఎక్కించేటప్పుడు అనే మాట అది.

బయల్దేరాం. కుర్రాడు నా పక్కన, మా ఆవిడా అబ్బాయీ వెనకాల. మెట్రో పిల్లర్ల కింద యూటర్న్ వచ్చింది. నేను ఇండికేటర్ వేసి వేగం తగ్గించాను. అప్పుడు ఆ కుర్రాడి కుడిచేయి హ్యాండ్‌బ్రేక్ మీదికి వచ్చింది. పట్టుకుని కూర్చున్నాడు. బండి పూర్తిగా తిరిగేదాకా తీయలేదు. అద్దంలో మా ఆవిడ కళ్లు కనిపించాయి. ఆవిడా ఆ చేతినే చూస్తోంది. 30 ఏళ్లుగా నా పక్క సీట్లో నిద్రపోతూ విజయవాడ, తిరుపతి వచ్చిన మనిషి ఆవిడ.

బండి పక్కకు ఆపి, దిగి, తాళం మావాడికిచ్చాను. ఆ కారు మంచిదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మంచిదే అయి ఉండొచ్చు. షోరూములు నడిపేవాళ్లకు ఒక మాట. తల నెరిసినవాళ్లు మీ దగ్గరికి చెక్కు పట్టుకుని వస్తారు, లోను కోసం కాదు. వాళ్లతో కళ్లలోకి చూసి మాట్లాడటం మీ కుర్రాళ్లకు నేర్పండి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు వారాలు కార్ల మాటే ఎత్తలేదు. మా ఆవిడే మళ్లీ కదిలించింది.

తర్వాతవి తొందరగానే అయ్యాయి. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ టర్బో ఇంజిను చాలా హుషారు, స్టీరింగ్ మాత్రం నాకు తేలికగా అనిపించింది. కియా సోనెట్ మన పెనుకొండలో తయారయ్యే బండి, అభిమానంతోనే వెళ్లాను, కానీ మా ఆవిడకు వెనక సీటు ఇరుకనిపించింది. స్కోడా కైలాక్ చూపించిన అమ్మాయి తాళం నా చేతికిచ్చి, "గండిపేట దాకా వెళ్లిరండి సార్, నేను వెనక కూర్చుంటాను" అంది. అంతే. మొదటి మలుపులోనే ఆ ఆక్టేవియా పట్టు చేతికి తెలిసింది. సీటు అంచు టేపు మీద 25 దాటింది. మా ఆవిడను 10 సార్లు ఎక్కి దిగమన్నాను. ఆరోసారికే, "చాల్లెండి, బుక్ చేయండి" అంది.

1 లీటరు టర్బో, 3 సిలిండర్లు, 115 హార్స్‌పవర్, 6 గేర్ల ఆటోమేటిక్. టీటీలో సరిగ్గా సగం. ఇన్సూరెన్స్ మాత్రం షోరూమ్ వాళ్లు చెప్పిన లెక్కకు ఒప్పుకోకండి. బయట కొటేషన్ తెచ్చి చూపిస్తే అదే పాలసీకి నాకు 14 వేలు తగ్గించారు. హ్యాండ్లింగ్ ఛార్జీలు తీసేయమంటే తీసేశారు. ఫాస్టాగ్, నంబర్ ప్లేటు మామూలే.

నిన్న తెల్లవారుజామున బయల్దేరాం. మన్ననూరు అటవీ చెక్‌పోస్టు ఉదయం 6కు తెరుస్తారు. మేం చేరేసరికి గేటు తీసే ఉంది. నల్లమలలో కిటికీలు దించి నిదానంగా వెళ్లాం. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో స్టీరింగ్ వెనకుండే ప్యాడిల్‌తో రెండో గేరు వేసుకుని బ్రేకు పెద్దగా తొక్కకుండా దించాను. టీటీలో ఇదే రోడ్డు మీద ప్రతి గుంతకూ నా ప్రాణం ఉలిక్కిపడేది. ఒక మలుపు దగ్గర పక్కకు చూస్తే మా ఆవిడ నిద్రపోతోంది.

గుడి పార్కింగ్‌లో ఆపి, అలవాటుగా అటువైపు వెళ్లి చెయ్యి అందించాను. నేను వెళ్లేలోపే తలుపు తీసుకుని దిగి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. "కొబ్బరికాయల సంచి వెనక సీట్లో ఉంది, తీసుకురండి" అంటూ క్యూ వైపు నడిచింది.