అయ్యకోనేరు గట్టు బ్యాచి

మన పాత విద్యార్థుల సమ్మేళనం కోసం వేస్తున్న ఈ సంచికలో నా అసలు పేరు చూస్తే మీలో చాలామంది గుర్తుపట్టరు. వెంకటేశం అంటే మాత్రం వెంటనే గుర్తుపడతారు. 1976లో డిగ్రీలో చేరిన మా బ్యాచిలో కొందరికి హాజరు పట్టీలో ఒక పేరు, బయట ఇంకో పేరు ఉండేవి. బయటి పేర్లన్నీ గురజాడ వారి కన్యాశుల్కం నాటకంలోవే. విజయనగరంలో చదువుకునే కుర్రాళ్ళకి నాటకాల పిచ్చి పడితే పేర్ల కోసం వేరే ఊరు వెళ్ళాలా?

పొడుగ్గా ఉండి, అవసరం లేనిచోట ఇంగ్లీషు మాట్లాడేవాడు గిరీశం. అతని పుస్తకాలు కూడా మోస్తూ వెనక తిరిగేవాణ్ణి గనక నేను వెంకటేశం. గజపతినగరం వైపు పల్లె నుంచి వచ్చే రైతుబిడ్డ అసిరి. అంతమందిలోకీ మంచి గొంతు అతనిదే. క్లాసులో తప్ప అన్నిచోట్లా కనిపించేవాడు బైరాగి. మా గుంపులో ఉన్న ఒకే ఒక్క అమ్మాయికి మధురవాణి అని, నాటకంలో వేశ్య పేరు, పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? వాళ్ళ నాన్నగారు ప్లీడరు. "నన్ను సౌజన్యారావు పంతులు అనండి, వాదించడం మా ఇంట్లోనే ఉంది" అని నాటకంలో వకీలు పేరు ఆవిడే తీసుకుని తేల్చేసింది. అప్పట్నించీ ఆవిడ మాకు "పంతులు గారు". ఇప్పటికీ అదే పిలుపు, అదే మర్యాద.

నాటకాలవాళ్ళు అనగానే మేమంతా ఒకే మాట మీద ఉండేవాళ్ళమని అనుకోకండి. మాలో రెండు పార్టీలు. గిరీశం, బైరాగి, నేను వేషాల పార్టీ. ఎవరు ఏ వేషం కట్టారు, ఎక్కడ ఒన్స్ మోర్ పడింది, ఇదే మా గొడవ. పంతులు గారిది కథల పార్టీ. అసిరి మాత్రం రెండు పార్టీల టీ తాగేవాడు.

ముందు మా పార్టీ సంగతి చెప్తాను. కన్యాశుల్కం మొదటిసారి ఆడింది 1892లో, మన ఊళ్ళోనే. గురజాడ వారు 1909లో తిరగరాసి అచ్చు వేయించిన నాటకం మొత్తం ఆడాలంటే ఒక రాత్రి చాలదు. దాన్ని కుదించి, జనం కూర్చుని చూడగలిగేలా చేసి, ఊరూరా తిప్పినవాళ్ళు జె.వి. సోదరులు. రమణమూర్తి గారు గిరీశం, సోమయాజులు గారు రామప్పంతులు. మేం కాలేజీలో చేరేనాటికే వాళ్ళు పెద్దవాళ్ళైపోయారు. అయినా దగ్గర్లో ఎక్కడ ఆ నాటకం ఉందని తెలిసినా మా గిరీశం బస్సెక్కేసేవాడు. తిరిగొచ్చాక వారం పాటు ఆ నడక, ఆ చేతికర్ర, ఆ కనుబొమ్మలు ఎగరేయడం మేం భరించాలి. కానీ ఒక విషయం ఒప్పుకోవాలి, వాడు ఊరికే అనుకరించేవాడు కాదు. రమణమూర్తి గారు ఒక డైలాగ్ తర్వాత ఎంతసేపు ఆగారు, ఆ ఆగడంలో నవ్వు ఎక్కడ మొదలైంది, అంతా అప్పజెప్పేవాడు. నవ్వించడానికి మాట కంటే మాటకి ముందు ఆగడమే ముఖ్యమని నాకు తెలిసింది వాడి వల్లే.

రెండోది పద్యనాటకం. తీర్థాలకీ జాతర్లకీ చుట్టుపక్కల పల్లెల్లో రాత్రంతా ఆడేవారు. సైకిళ్ళ మీద డబుల్స్ వెళ్ళేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి చెప్తే నమ్మరుగానీ ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులుండేవారు. అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికొచ్చే పడక సీనుకి ఒకరు, కౌరవసభలో రాయబారానికి ఇంకొకరు. కాంట్రాక్టరు ఒక్కో నటుణ్ణీ ఒక్కో ఊరి నుంచి పిలిపించి కలిపేవాడు. ఒకటో కృష్ణుడు ఎక్కువ రాగం తీస్తే రెండో కృష్ణుడికి టెన్షన్. జనానికి పండగ. హార్మనీ ఆయన ఎవరి పక్షమో ముందే తెలిసిపోయేది.

ఇక్కడ మాలో మాకే చీలిక వచ్చింది. షణ్ముఖి ఆంజనేయరాజు గారి రాగం అంటే బైరాగి ప్రాణం పెట్టేవాడు. అసిరి పీసపాటి నరసింహమూర్తి గారి మనిషి. పీసపాటి గారు రాగాన్ని అదుపులో పెట్టి, పద్యంలో ప్రతి మాటా వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకి కూడా తెలిసేలా చెప్పేవారు. "పద్యం అర్థం అవ్వకపోతే కిష్ణుడు రాయబారానికి ఎందుకెల్లినట్టురా? పాట కచేరీకెల్లాడా?" అని అసిరి వాదన. దానికి బైరాగి దగ్గర జవాబు ఉండేది కాదు. తొడ చరిచి ఇంకో పద్యం ఎత్తుకునేవాడు.

పంతులు గారు రాత్రి నాటకాలకి రావడానికి వీల్లేదు. ఇంట్లో ఆ మాటెత్తితేనే గొడవ. అందుకని మర్నాడు ఆవిడకి రిపోర్టు ఇవ్వాలి. ఊరికే "బాగుంది" అంటే ఒప్పుకునేది కాదు. పద్యం ఎక్కడ విరిచారు, ఏ మాట దగ్గర ఊపిరి తీసుకున్నారు, జనం ఎప్పుడు చప్పట్లు కొట్టారు, అన్నీ కావాలి. లైబ్రరీ మెట్ల మీద మేం ముగ్గురం ముగ్గురు కృష్ణులమై ఆడి చూపించేవాళ్ళం. చివరికి ఆవిడ తను ఎన్నడూ చూడని నటుల గురించి మాకంటే బాగా చెప్పడం మొదలుపెట్టింది. "ఆయన ఆ మాట దగ్గర ఆగి ఉండరు, మీరే తప్పు చెప్తున్నారు" అని ఒకసారి బైరాగిని నిలదీసింది. తర్వాత ఆ నాటకం మళ్ళీ చూస్తే ఆవిడ చెప్పిందే నిజం!

సురభి వాళ్ళ గురించి ఒక్క మాట రాయకపోతే బైరాగి ఊరుకోడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబ నాటకం వాళ్ళది. వాళ్ళు డేరా వేస్తే మాకు సినిమాలు చేదు. మాయాబజారులో బాణాలు గాల్లో ఢీకొనడం చూసి జనం అరిచేవారు. మా బైరాగి మాత్రం ఆ తీగలు ఎక్కడ కట్టారో చూడాలని డేరా వెనక్కి పోయేవాడు. అక్కడ శశిరేఖ వేషంలో ఉన్నావిడ తన సీనుకి ముందు చంటిపిల్లని ఉయ్యాల్లో ఊపుతోందిట. వాడు తీగల సంగతి మర్చిపోయి అదే కథలు కథలుగా చెప్పాడు.

ఇక కథల పార్టీ. పంతులు గారి దగ్గర ఒక పెద్ద కటింగుల కట్ట ఉండేది. భారతి, యువ, ఆంధ్రప్రభ, ఇంట్లో పాత పేపర్ల వాడికి వేసేముందు కథలు చింపి, దారంతో కుట్టి దాచుకునేది. మేం నటుల గురించి ఎగిరెగిరి పడుతుంటే ఓపిగ్గా విని, "మీ కృష్ణుడు పావుగంట రాగం తీసి చెప్పింది మన ఊళ్ళోనే ఒకాయన నాలుగు పేజీల్లో చెప్తారు, చదవండి" అని చాసో కథలు మా మొహాన పడేసింది.

చాసో, అంటే చాగంటి సోమయాజులు గారు, అప్పుడు విజయనగరంలోనే ఉండేవారు. ఆయన కథని ముందు నోటితో చెప్పి, తర్వాతే కాగితం మీద పెడతారని ఊళ్ళో అనుకునేవారు. ఆ మాట విన్నాక మాకు కొత్త ఆలోచన వచ్చింది. నోటితో చెప్పిన కథైతే నోటితో చదివితేనే కదా దాని రుచి తెలిసేది. కాలేజీ వదిలాక ఊళ్ళో అయ్యకోనేరు చెరువు గట్టు మీద చదువుకోవడం అలా మొదలైంది. ఆయన ఇంటి దాకా వెళ్ళి తలుపు తట్టే ధైర్యం మాత్రం మాలో ఎవరికీ రాలేదు. గిరీశం కూడా వీధి మలుపు దాకా వచ్చి "ఇవాళ వద్దులే" అనేవాడు.

మొదట చదివింది 'ఎంపు'. అడుక్కుతినే ముసలాడు, పెళ్ళీడుకొచ్చిన కూతురు. ఆ పిల్ల మనసు కుంటివాడి మీద ఉంది. తండ్రి గుడ్డివాణ్ణి చేసుకోమంటాడు. ఎందుకు చేసుకోవాలో లెక్కలతో సహా చెప్తాడు. పెద్దింటి సంబంధాలు మాట్లాడేటప్పుడు పెద్దలు వేసే లెక్కలకీ ఆ లెక్కలకీ తేడా ఏమీ లేదు. అదే ఆ కథలో దెబ్బ. గిరీశం ముందు తీసుకున్నాడు. గొంతు వణికించాడు, దగ్గాడు, చెయ్యి చాచాడు. ముసలాడు కాదుగదా, మాకు వాడే కనిపించాడు. పంతులు గారు పుస్తకం లాక్కుని అసిరి చేతిలో పెట్టింది. అసిరి ఏ వేషమూ వెయ్యలేదు. వాళ్ళ ఊళ్ళో రచ్చబండ మీద ఎవరో మాట్లాడుతుంటే విన్నట్టుగా చదువుకుపోయాడు. ముసలాడు తెలివైనవాడనీ, కూతురంటే ప్రేమ ఉన్నవాడనీ అప్పుడు తెలిసింది. అంతకుముందు వాడు మాకు ముష్టివాడు మాత్రమే.

మా పార్టీ అక్కడే సగం ఓడిపోయింది. మిగతా సగం 'ఎందుకు పారేస్తాను నాన్నా' దగ్గర ఓడిపోయింది. చదువు ఆగిపోయిన కుర్రాడు, చుట్టలకోసం పంపే తండ్రి, దారిలో బడి. కథ పేరులో ఉన్న ఆ మూడు మాటలు ఎలా పలకాలి? దీనిమీద ఎన్ని సాయంత్రాలు కొట్టుకున్నామో లెక్కలేదు. గిరీశం గొంతు పూడుకుపోయేలా అనేవాడు. బైరాగి 'నాన్నా' దగ్గర దీర్ఘం తీసేవాడు, షణ్ముఖి గారి శిష్యుడు కదా! "కుర్రాడు ఏడవకూడదండీ, ఏడిస్తే వినేవాడు ఏడవాలి. మీరే ఏడ్చేస్తే వాళ్ళకేం మిగిలింది?" అంది పంతులు గారు. యాక్టింగ్ గురించి తర్వాత నేను చాలా ఉపన్యాసాలు విన్నాను, వర్కుషాపులకి వెళ్ళాను. ఇంతకంటే పనికొచ్చే మాట ఎవరూ చెప్పలేదు.

ఆఖరి సంవత్సరం కాలేజీ డేకి 'ఎంపు'ని నాటిక కట్టాలని తయారయ్యాం. కూతురి వేషానికి మనిషి కావాలి. అప్పట్లో ఆడవేషాలకి ఆర్టిస్టుని బయట ఊరినుంచి పిలిపించేవారు. పారితోషికం, రానుపోను ఖర్చు, బస, పైగా ఆవిడ ముందురోజు సాయంత్రం వచ్చి ఒక్క రిహార్సల్ వేస్తుంది. మా దగ్గర చందా డబ్బులు హార్మనీ అద్దెకి కూడా చాలవు. పంతులు గార్ని వెయ్యమని అడిగితే ఇంట్లో ఒప్పుకోరంది. రెండ్రోజులు ఆలోచించి ప్లీడరు గారి కూతురు లా పాయింట్ పట్టుకుంది. వేషం వెయ్యడానికే కదా అభ్యంతరం, స్టేజీ మీద కూర్చుని చదవడానికి కాదు కదా!

అలా నాలుగు కుర్చీలు, ఒక మైకు. రంగుల్లేవు, తెర లేదు. గిరీశం కథకుడు, అసిరి ముసలాడు, పంతులు గారు కూతురు. నేను మైకు ఇటూ అటూ జరపడానికి. బైరాగి హాల్లో చప్పట్లు మొదలుపెట్టడానికి. నిజం చెప్పాలంటే సగం హాలు వినలేదు. "వేషాలెప్పుడేస్తార్రా?" అని వెనకనుంచి ఈలలు. ముందు మూడు నాలుగు వరసలు మాత్రం కదల్లేదు. అయ్యాక, బయట టీ అమ్మే ఆయన అసిరి దగ్గరకొచ్చి "ఆ ముసిలోడు సెప్పింది నిజివే బావు, గుడ్డోడే మేలు" అన్నాడు. అసిరికి తర్వాత చాలా షీల్డులు వచ్చాయి. ఈ మాటే ఎక్కువసార్లు చెప్పుకుంటాడు.

1979లో మేం బయటికొచ్చాం. విజయనగరం జిల్లా అయింది కూడా అదే ఏడు. తర్వాత ఎవరి ఉద్యోగం వాళ్ళది. నేను బ్యాంకులో, గిరీశం కరెంటాఫీసులో, బైరాగి ఖరగ్‌పూర్ రైల్వేలో. అక్కడ తెలుగువాళ్ళకి కొదవా? వెళ్ళిన ఏడాదికే రాయబారం సీను ఆడించాడు. అసిరి తెలుగు మాస్టారయ్యాడు. పంతులు గారు లా చదివి, పేరు నిలబెట్టుకుంది.

1980లో శంకరాభరణం విడుదలైంది. అసిరి అందరికీ ఒకే కార్డు రాశాడు: "మన రామప్పంతులు సంగీత విద్వాంసుడయ్యాడు. వెళ్ళి చూడండి." దేశమంతా సోమయాజులు గార్ని శంకరశాస్త్రిగా చూసి దణ్ణం పెడుతుంటే మా గిరీశానికి ఒకటే బాధ. అంత వెకిలితనం, అంత జిత్తులమారితనం కళ్ళతో పలికించిన నటుడికి సినిమావాళ్ళు ఆ తర్వాత ఉత్తరీయం తీసే అవకాశమే ఇవ్వలేదని. నాదీ అదే అభిప్రాయం. రామప్పంతుల్ని చూడనివాళ్ళు ఆయన్ని సగమే చూశారు.

గిరీశం నాటక పరిషత్తుల పోటీలకి కథల్ని నాటికలుగా మార్చి రాయడంలో పడ్డాడు. రాసిన ప్రతిదీ ముందు పంతులు గారికి పోస్టులో వెళ్ళేది. ఎర్ర సిరాతో సగం కొట్టేసి తిరిగొచ్చేది. "కథలో లేని ఏడుపు ఎందుకు పెట్టారు?" అన్నది ఆవిడ పర్మనెంట్ రిమార్కు. పరిషత్తులో జడ్జీలకి ఏడుపు కావాలి, నేనేం చెయ్యను అని వాడు. ఈ కేసు ఇంకా నడుస్తోంది.

కథకులు కాళీపట్నం రామారావు గారు, అంటే కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళంలో కథల లైబ్రరీ కథానిలయం మొదలుపెట్టినప్పుడు పంతులు గారు తన కటింగుల కట్ట ఇచ్చేస్తానంది. అందరం కలిసి వెళ్దామని బయల్దేరాం. ఖరగ్‌పూర్ నుంచి బైరాగి నేరుగా శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో, అంటే ఆమదాలవలసలో, దిగాడు. దారిలో కట్ట విప్పి చూస్తే చాలా కథల అంచుల్లో పెన్సిల్ గీతలు. "ఇక్కడ అసిరి ఆగాలి", "గిరీశం దగ్గకూడదు", "వెం. మైకు జరపాలి". ఇలాంటివి లైబ్రరీకి ఎలా ఇస్తామని ఆవిడ శుభ్రంగా ఉన్నవి వేరు చేసి ఇచ్చింది. గీతలున్నవి మళ్ళీ దారం కట్టి ఇంటికి తీసుకుపోయింది. నా పేరు పొడి అక్షరాల్లో, మైకు పనితో సహా, రికార్డులో ఉందని అప్పుడే తెలిసింది నాకు.

2016 జూన్‌లో రమణమూర్తి గారు పోయినప్పుడు గిరీశం అందరికీ ఫోన్లు చేశాడు. నాతో మాట్లాడినంతసేపూ ఆయన వేషం గురించే. ఫలానా ఊళ్ళో ఫలానా డైలాగ్ దగ్గర ఆయన ఎంతసేపు ఆగారో చెప్పాడు. నలభై ఏళ్ళ కిందట చెప్పినదానికీ అప్పుడు చెప్పినదానికీ ఒక్క అక్షరం తేడా లేదు.

ఇప్పుడు రిటైరయ్యాం. ఆదివారం సాయంత్రాలు వీడియో కాల్లో కథ చదువుకుంటాం. మనవలు మధ్యలో వచ్చి పోతుంటారు. ఒక మనవరాలికి 'ఎంపు'లో కూతురి వేషం ఇచ్చి చూశాం. పిల్ల బానే చదివింది గానీ, "తాతయ్యా, ఈ అమ్మాయి ఆ ముసలాడి మాట ఎందుకు వినాలి?" అని అడిగింది. పంతులు గారు మురిసిపోయింది, తనకి జూనియరు దొరికిందని.

ఈసారి సమ్మేళనంలో రెండోరోజు మధ్యాహ్నం మాకు అరగంట ఇచ్చారు. పంతులు గారు చాసో గారి 'వాయులీనం' చదవాలంటోంది. భార్య జబ్బు పడితే వైద్యం ఖర్చుల కోసం ఆవిడ వాయులీనాన్ని, అంటే ఫిడేలుని, మొగుడు అమ్మేసే కథ. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారు తిరిగిన ఊళ్ళో అది చదవకపోతే ఎలా అంటుంది. గిరీశం పాత అలవాటు ప్రకారం పెద్ద డైలాగులున్న కథే కావాలంటున్నాడు. అసిరికి ఏదైనా ఫరవాలేదుట, కళ్ళజోడు మాత్రం రెండు తెచ్చుకుంటాడట. భోజనాల తర్వాత పెట్టారు గనక నిద్ర వచ్చేవాళ్ళు దయచేసి వెనక వరసల్లో కూర్చోండి. మైకు సంగతి ఎప్పట్లాగే నేను చూసుకుంటాను. కమిటీవారికి ఒక్కటే మనవి: గిరీశం అడిగినా రెండో మైకు ఇవ్వకండి.