చూడకుండానే పైల్స్ అన్నారు

మలద్వారం పక్కన లేచిన చీముగడ్డకి ఆపరేషన్ అయి నేను హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక పలకరించడానికి వచ్చిన మా ఆడపడుచు, హాల్లో అందరి ముందూ, "శుభ్రంగా ఉండేవాళ్ళకి ఇలాంటివి రావు వదినా" అంది. ఆ రోజు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. ఇప్పుడుంది.

మలద్వారం లోపల, కాస్త పైన, గోడ చుట్టూ చిన్న చిన్న గ్రంథులుంటాయి. ఆవిడకీ ఉంటాయి. జిగురు వదలడం వాటి పని. వాటిలో ఒకదాని నోరు మూసుకుపోతే క్రిములు చేరి చీము పడుతుంది. ఆ చీము దారి వెతుక్కుంటూ కండరాల మధ్య నుంచి చర్మం వైపు తోసుకొస్తుంది. అదే ఈ గడ్డ. పదిమందిలో తొమ్మిదిమందికి ఇదే కారణమని సర్జన్ గారు ప్రిస్క్రిప్షన్ వెనకాల బొమ్మ గీసి మరీ చెప్పారు. ఇందులో స్నానం చేయకపోవడం ఎక్కడుంది?

అరుదైన జబ్బు కూడా కాదు. మగవాళ్ళకి ఆడవాళ్ళకంటే రెండింతలు ఎక్కువగా వస్తుందట. "మీకు తెలిసినవాళ్ళలోనే ఒకరిద్దరికి వచ్చే ఉంటుందమ్మా, చెప్పుకోరంతే" అన్నారాయన. నిజమే. నా సంగతి తెలిశాక మా ఆయన దగ్గర పై వాటాలో అద్దెకుండే అబ్బాయి, మా పెదనాన్న కొడుకు విడివిడిగా, గొంతు తగ్గించి "నాకూ అయింది" అని చెప్పారు.

నేను బ్యాంకులో లోన్ల సీట్లో పనిచేస్తాను. నొప్పి మొదలైనప్పుడు మార్చి నెలాఖరు. కుర్చీలో ఒక పక్కకి ఒరిగి కూర్చునేదాన్ని. వేడి చేసిందన్నారు, సబ్జా నీళ్ళు తాగాను. తగ్గక ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే, ఆయన బల్లకి అటువైపు నుంచే "మోషన్ గట్టిగా అవుతోందా?" అని అడిగి, నా జవాబు పూర్తి కాకముందే పైల్స్ అని రాసేశారు. ఆయింట్‌మెంటు, నొప్పి మాత్ర. లేడీ డాక్టరైతే చూస్తుంది కదా అని ఇంకో చోటికి వెళ్ళాను. "రెండు కాన్పులయ్యాక ఇవి మామూలేనమ్మా" అని ఆవిడ యాంటీబయాటిక్ రాసింది. మంచం మీద పడుకోమని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. ఫీజు మాత్రం ఇద్దరూ తీసుకున్నారు.

ఇక ఆ రాత్రి. దుప్పట్లు ఎన్ని కప్పినా వణుకు ఆగలేదు. కూర్చోలేను, వెల్లకిలా పడుకోలేను, దగ్గొస్తే ప్రాణం పోయేది. చివరికి మంచం పక్కన నేల మీద మోకాళ్ళేసి, తల పరుపుకి ఆనించి ఉండిపోయాను. పిల్లలు లేస్తారని దుప్పటి అంచు నోట్లో కుక్కుకున్నాను. బాత్రూమ్‌కి వెళ్తే పొత్తికడుపు బరువుగా ఉంది గానీ యూరిన్ ఒక్క చుక్క రాలేదు. అప్పుడు నిజంగా భయమేసింది. పోతానేమో అనిపించింది. ఆ సమయంలో పెద్దాడి స్కూల్ బస్సు ఫీజు కట్టలేదన్న సంగతి గుర్తొచ్చింది, ఎందుకో.

మా ఆయన "పొద్దున్నే వెళ్దాంలే" అంటున్నారు. ఆ అలికిడికి అత్తయ్య లేచొచ్చారు. కొడుకుని బయటికి పంపేసి, కళ్ళజోడు పెట్టుకుని, నా ఫోన్‌లో టార్చి వేయించుకుని, "ఇటు తిరుగమ్మా, నా దగ్గర సిగ్గేంటి" అన్నారు. అప్పటిదాకా అక్కడేముందో చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ మొదటి మనిషి అయిదో తరగతి దాకా చదువుకున్న మా అత్తయ్య.

"ఇవి మొలలు కాదే. సెగ్గడ్డ. నిమ్మకాయంత ఉంది, చుట్టూ కందిపోయింది. మీ మామయ్యకి వీపు మీద ఇలాగే లేస్తే అప్పుడే సుగర్ బయటపడింది" అని, తలుపు తీసి "బండి తియ్యరా, పొద్దున్న దాకా ఏంటి" అని కేకేశారు. కారు వెనక సీట్లో బోర్లా పడుకుని వెళ్ళాను. ఏలూరులో స్పీడ్ బ్రేకర్లు ఇన్నున్నాయని నాకు తెలీదు.

సర్జన్ గారు గ్లవ్స్ వేసుకుని చూశారు. అంతే, ఎంతోసేపు పట్టలేదు. చీము కట్టాక మాత్రలు లోపలిదాకా పనిచేయవు, కోసి బయటికి తీయాల్సిందే, అదీ ఇప్పుడే అన్నారు. నడుముకి ఇంజక్షన్, సంతకాలు, థియేటర్, అవన్నీ అందరికీ తెలిసినవే. నడుము కింద ఏమీ తెలియలేదు గానీ వాసన మాత్రం తెలిసింది. నా తల దగ్గర నిలబడ్డ సిస్టర్ ముఖం తిప్పుకోలేదు, నా చెయ్యి వదల్లేదు. ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

కుట్లు వేయలేదని తెలిసి హడలిపోయాను. పైన మూసేస్తే లోపల మళ్ళీ చీము పడుతుందట, గాయం అడుగు నుంచి పూడుకుంటూ రావాలట. అందుకని రోజూ డ్రెస్సింగ్. మొదటిసారి లోపల కుక్కిన కట్టుగుడ్డని (గాజ్) బెటాడిన్‌తో తడిపి లాగుతుంటే, అది ఎంత పొడుగుందో, అయిపోదే! మోషన్ అయిన ప్రతిసారీ కమోడ్ మీద పెట్టే ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని కూర్చోవాలి. ఆ నీళ్ళు కాచిపెట్టింది, టబ్బు కడిగింది మా ఆయన. "పొద్దున్నే వెళ్దాంలే" అన్న మాట అందుకే మాఫీ చేశాను.

అత్తయ్య చెప్పినట్టే సుగర్ బయటపడింది. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో (హెచ్‌బీఏ1సీ) 9.4 శాతం. సుగర్ ఉన్నవాళ్ళలో ఈ చీము ఒక్కోసారి చుట్టుపక్కల కండకి పాకి ప్రాణం మీదికి తెస్తుందని సర్జన్ గారు తర్వాత నెమ్మదిగా చెప్పారు. వింటుంటే ఆ ఫిజీషియన్ మీద కోపం మళ్ళీ మొదటికొచ్చింది. బల్ల మీదే సుగర్ మిషన్ ఉంది! ఒక్క చుక్క రక్తం తీస్తే తెలిసేది.

మా బాబాయికి ఆయుర్వేదం పిచ్చి. సుశ్రుత సంహితలో ఎనిమిది మొండి రోగాలు చెప్పారనీ, ప్రమేహం (మన సుగర్ లాంటిదే), మొలలు, భగందరం మూడూ అందులోనే ఉన్నాయనీ ఫోన్‌లో చదివి వినిపించాడు. అంటే నా ఫైలు మొత్తం అప్పుడే రాసిపెట్టారన్నమాట. భగందరమంటే ఫిస్టులా. గడ్డ తగ్గాక లోపలి నుంచి చర్మం దాకా సన్నటి దారి మిగిలిపోతుంది, దాదాపు మూడింట ఒక వంతు మందికి. ఆరాక మళ్ళీ తడి కనిపిస్తే వెంటనే రమ్మన్నారు, అప్పుడు ఎంఆర్ఐ తీస్తారట. ఇప్పటికైతే నాకు పొడిగానే ఉంది.

కూర్చునే చోట నొప్పి రోజురోజుకీ పెరుగుతూ, జ్వరం కూడా ఉంటే, గోడల మీద "ఆపరేషన్ లేకుండా గ్యారంటీ" బోర్డులు చూసి వెళ్ళకండి. సర్జన్‌కి చూపించండి. చూడకుండా మందు రాస్తుంటే "ఒకసారి చూడండి డాక్టర్ గారూ" అని నోరు తెరిచి అడగండి. సుగర్ టెస్టూ చేయించండి.

అత్తయ్య ఆ రాత్రే నా తరఫున చిన్న తిరుపతి వెంకన్నకి మూడు కత్తెరలు మొక్కేశారట, నన్నడక్కుండా. ఇస్తాను, ద్వారకా తిరుమల ఎంత దూరం కనక. బస్సులో వెళ్దామంటున్నారు గానీ, ఆ ఒక్క విషయంలో ఆవిడ మాట వినను. కారే.