మూసీ ఒడ్డున పిండపాతికులు

పోయిన ఆదివారం పొద్దున్నే మెట్రోలో చైతన్యపురి వెళ్లాను. భుజాన బ్యాగు. అందులో నీళ్ల సీసా, గొడుగు, పవర్ బ్యాంకు, టిఫిన్ డబ్బా, ‘ఎందుకైనా మంచిది’ అని కుక్కిన తువ్వాలు. చూడబోయేదేమో రేపటికంటూ ఏమీ దాచుకోని మనుషుల ఆనవాలు!

కోసగుండ్ల నరసింహస్వామి గుడి అంటే ఆటో అతను టక్కున ఎక్కించుకున్నాడు. శాసనం సంగతి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు. దగ్గరికొచ్చేసరికి మూసీ కంపు ముందుగా పలకరించింది.

గుడి దగ్గరి బండ మీద ఉందా శాసనం. విష్ణుకుండి వంశపు రాజు గోవిందవర్మ కాలం నాటిది, బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. ఏ 1600 ఏళ్ల కిందటిదో! చార్మినార్ కట్టింది 1591లో కదా, ఈ శాసనం ముందు అది నిన్నటి పిల్ల. గోవిందరాజ విహారం అనే బౌద్ధ మఠంలోని పిండపాతికుల కోసం రాతి నివాసం ఏర్పాటు చేసిన సంగతి ఇందులో ఉంది.

పిండపాతికులంటే భిక్షాన్నమే తింటామని వ్రతం పట్టిన భిక్షువులు. బౌద్ధ భిక్షువులు ఇష్టపడి పట్టే 13 కఠిన నియమాల్లో, అంటే ధుతాంగాల్లో, ఇదొకటి. దీనికి తోడు ఇంకో ధుతాంగం ప్రకారం ఇల్లిల్లూ వరసగా తిరగాలి. బాగా వండే ఇల్లని ముందు దూరకూడదు, ఏమీ పెట్టరని ఓ గడప దాటెయ్యకూడదు. పిండపాతికుడైతే ఎవరైనా భోజనానికి పిలిచినా పోకూడదు. పాత్రలో ఏది పడితే అదే. మా తాతయ్య వారాలు చేసుకుని చదువుకున్నాడు. ‘మంగళవారం ఇంట్లో చారు ఉత్త నీళ్లే’ అని ఎనభయ్యేళ్లప్పుడు కూడా సణిగేవాడు. పడింది తినడం ఒకెత్తు, సణగకుండా తినడం ఇంకొకెత్తు.

ఇలాంటి నియమాలు అందరికీ తప్పనిసరి చెయ్యమని శిష్యుడు దేవదత్తుడు పట్టుబడితే బుద్ధుడు ఒప్పుకోలేదు, ఇష్టమున్నవాళ్లు పాటిస్తారన్నాడు. ఆయనలో నాకు బాగా నచ్చేది ఇదే. మరి ఏమీ వద్దనుకున్నవాళ్లకి రాతి ఇల్లెందుకు? చీవరం (కట్టుకునే బట్ట), భిక్ష, తలదాచుకునే చోటు, మందు – ఈ నాలుగూ భిక్షువుకైనా కావాల్సినవే. వాటికి మించి కోరకపోవడమే అక్కడ సంతుష్టి.

ఎండెక్కింది. గుడిలో ఒకామె దొన్నెలో పులిహోర పెట్టింది. అడుగున నాలుగు పల్లీలు, నూనెలో నల్లబడ్డ ఎండుమిరపకాయ. బండ పక్కనే కూర్చుని వేళ్లు నాకేదాకా తిన్నాను. బ్యాగులో ఇడ్లీ డబ్బా ఉన్న సంగతే మర్చిపోయాను.

‘ఇంకింత వెయ్యాల్నా బిడ్డా?’ అంది.

దొన్నె ముందుకు చాపాను.

‘పల్లీలు కొంచెం ఎక్కువ వెయ్యమ్మా.’