పాపోహం అంటూ తన చుట్టూ తానే తిరగడం

వినాయకచవితి పూజ చివర్లో చేతిలో అక్షింతలు పట్టుకుని ఇంటిల్లిపాదీ చెప్పే శ్లోకం ఉంది కదా, "పాపోహం పాపకర్మాహం పాపాత్మా పాపసంభవః, త్రాహిమాం కృపయా దేవ శరణాగతవత్సల" అని. సత్యనారాయణ వ్రతంలోనూ ఇదే చెప్తాం. గడగడా వచ్చేస్తుంది కాబట్టి నోటితో "నేను పాపిని" అంటున్నామని పెద్దగా పట్టించుకోం.

కానీ ఇప్పటికే లోపల కుమిలిపోతున్నవాడికి ఇది సూదిలా గుచ్చుకుంటుంది. మా వీధిలో ఇంటర్ చదివే కుర్రాడు క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో పడి, వాళ్లమ్మ చీటీ పాడుకుని తెచ్చిన డబ్బులు పోగొట్టాడు. చిన్న ఊరు, సాయంత్రానికల్లా కిరాణా కొట్టు నుంచి ట్యూషన్ దాకా అందరికీ తెలిసిపోయింది. తిట్టినవాళ్లకంటే, వాడు రాగానే మాట ఆపేసినవాళ్లే ఎక్కువ. నిరుడు పందిరి రాటలు పాతినవాడు ఈ ఏడు చందాలకి కూడా రాలేదు. పూజకి రమ్మంటే "నేను దేవుణ్ణి ముట్టుకోకూడదులే" అన్నాడట. ఆ మాట విన్నప్పటినుంచి నా మనసు మనసులో లేదు.

నాన్నా, నీకే చెప్తున్నా. నీతో పాటు ఎవరెవరు పాపోహం అంటున్నారో చూడు. తాతయ్య అంటారు, అమ్మ అంటుంది, చెప్పించే పంతులుగారూ అంటారు. అది ఎవరికి వారు చెప్పుకునేది, ఒకరి మీద వేలు చూపించేది కాదు.

పైగా అది చెప్తూ ఏం చేస్తాం? నిలుచున్నచోటే కుడివైపుగా మూడుసార్లు తిరుగుతాం, ఆత్మప్రదక్షిణ. నేను పాపిని అని నోరు అంటుంటే కాళ్లు మాత్రం ఆ పాపి చుట్టూనే, గుడి చుట్టూ తిరిగినట్టు తిరుగుతున్నాయి. లోపల స్వామి లేకపోతే ఆ ప్రదక్షిణ ఎవరికి మరి? స్కందోపనిషత్తు ఈ దేహమే దేవాలయం అని చెప్పి, అజ్ఞానమనే నిర్మాల్యాన్ని తీసేయమంటుంది. నిన్నటి పూలు వాడిపోయాయని విగ్రహాన్ని ఎవరూ బయట పారేయరు.

అయితే శ్లోకం చదివితే చీటీ బాకీ తీరదు, అది వేరే. అదే పూజలో చదివే శమంతకమణి కథలో సత్రాజిత్తు, కృష్ణుడే తన తమ్ముడు ప్రసేనుణ్ణి చంపి మణి కాజేశాడని ఊరంతా చాటాడు. చివరికి కృష్ణుడే ఆ మణి వెతికి తెచ్చిచ్చాడు. నిజం తెలిశాక సత్రాజిత్తు సిగ్గుతో చితికిపోయాడు, కానీ ఇంట్లో దాక్కోలేదు, మణితో సహా కూతురు సత్యభామను సమర్పించి తప్పు క్షమించమన్నాడు. కృష్ణుడు సత్యభామను చేపట్టి మణి వెనక్కిచ్చేశాడు. నింద వేసిన మనిషినే మామగారిని చేసుకున్నాడు ఆ స్వామి!

నువ్వూ ఎంత పోయిందో దాచకుండా అమ్మకి చెప్పు, నెలనెలా ఎలా కట్టాలో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. బతకడమే వద్దనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకు, ఇంట్లో ఎవరినైనా లేపు, లేదా మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక వీధిలో పెద్దవాళ్లకి ఒక్క మాట. నిమజ్జనం రోజు ట్రాక్టర్ మీద విగ్రహం పట్టుకోవడానికి కుర్రాళ్లు కావాలి కదా, వాడి ఇంటికెళ్లి పేరు పెట్టి పిలవండి.