చెయ్యి కుచ్చిళ్ళ మీదికి పోకుండా

ఆదివారం. వైశాఖ మాసపు ఎండ పొద్దున్నే చురుక్కుమంటోంది. రేపు ఒక గృహప్రవేశం, అటునుంచి అటే ఆఫీసు. కట్టుకోవాల్సింది మంగళగిరి నూలు చీర. లేత బూడిద రంగు, ఒంటి మీద ఒక్క బుటా లేదు, అంచు మాత్రం జరీతో నేసిన నిజాం అంచు. కాబట్టి ఈరోజంతా ఆ చీర పనే.

నలుగురిలో ఒకరు హుందాగా ఉన్నారనిపిస్తే వాళ్ళ చేతులు చూడాలి. పైట సవరించుకుంటూ ఉండవు, కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవు, జాకెట్టు కిందికి లాక్కోవు. చేతులకు ఆ పని లేదు కనుక చూపు ఎదుటి మనిషి మీద నిలుస్తుంది, మాట నిదానంగా వస్తుంది. పక్కనే పట్టుచీర కట్టుకున్నావిడ నిమిషానికోసారి భుజం సర్దుకుంటూ ఉంటే, చీర ఎంత ఖరీదైనదైనా మన కళ్ళు ఆ భుజం దగ్గరే ఆగిపోతాయి. తేడా అంతా ముందురోజు ఇంట్లో జరిగిన పనిలోనే ఉంది. ఎక్కువమంది వదిలేసేదీ ఆ పనే. అందుకే ఈరోజు వివరంగా రాస్తున్నా.

ముందు గంజి. ఒక చీరకు 2 టేబుల్ స్పూన్ల సగ్గుబియ్యం సరిపోతుంది. అరగంట నానబెట్టి, లీటరు నీళ్ళలో వేసి, సన్న సెగ మీద అడుగంటకుండా తిప్పుతూ ఉడికించాలి. గింజల్లో తెల్లటి చుక్క పోయి పారదర్శకంగా అయితే ఉడికినట్టు. పలచటి పాత పంచె ముక్కలో వడకట్టి, ఇంకో 3 లీటర్ల నీళ్ళు కలిపితే సరైన పాకం. వేలు ముంచి తీస్తే నీళ్ళలా జారిపోవాలి, కానీ రెండు వేళ్ళు రుద్దితే కాస్త జిగురు తెలియాలి. అన్నం వార్చిన గంజీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అది చిక్కగా ఉంటుంది కాబట్టి ఒక వంతు గంజికి నాలుగు వంతుల నీళ్ళు పోసి, రెండుసార్లు వడకట్టాలి. ఒక్క మెతుకు పలుకు మిగిలినా ఇస్త్రీపెట్టె కింద మాడి మచ్చ పడుతుంది. మైదా గంజి మాత్రం ముదురు రంగు చీరలకు వద్దు. నీలం, నలుపు, మెరూన్ రంగుల మీద ఆరాక తెల్లటి పొడలు తేలతాయి, మళ్ళీ ఉతికితే తప్ప పోవు.

చాలామంది తప్పు చేసేది ముంచే దగ్గర. పొడి చీరను గంజిలో వేస్తే ముందు తగిలిన భాగం గంజంతా పీల్చేసుకుంటుంది. ఆరాక ఒకచోట అట్టలా, ఇంకోచోట మెత్తగా ఉంటుంది. చీర ముందుగా ఉతికి, పిండి, తడిగానే ఉండాలి. గంజి గోరువెచ్చగా ఉండగా చీర మొత్తాన్ని ఒకేసారి ముంచి, 5 నిమిషాలు చేత్తో తిప్పుతూ ఉండాలి. తర్వాత మెలి తిప్పకుండా గుప్పిట్లో నొక్కి పిండాలి. గట్టిగా మెలిపెడితే ఆ మడతలు గంజితోపాటే బిగిసిపోతాయి. దండెం మీద వేసేముందు ఇద్దరు చెరో కొసా పట్టుకుని, అంచూ అంచూ కలిపి, రెండు మూడుసార్లు దులిపి లాగాలి. ఈ ఒక్క పనితో ఇస్త్రీ సగం తగ్గుతుంది. రంగు చీరను నీడలోనే ఆరేయాలి. ఇంకా కాస్త చెమ్మ ఉండగానే తీసేయాలి.

ఎంత గంజి అనేది కట్టుకునే మనిషి ఆకారాన్ని బట్టి కూడా ఉంటుంది. సన్నగా ఉన్నవాళ్ళకు గట్టి గంజి నిండుగా కనిపిస్తుంది. కాస్త ఒళ్ళున్నవాళ్ళకు అదే గంజి చీరను ఒంటికి దూరంగా నిలబెట్టి ఇంకా లావుగా చూపిస్తుంది. వాళ్ళకు నీళ్ళు ఇంకో 2 లీటర్లు పెంచాలి. వెంకటగిరి నూలు చీర మరీ సన్నటి నూలుతో నేసింది కనుక దానికీ పలచటి గంజే. గద్వాల చీర సంగతి వేరు. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ తడికి ఒకేలా ముడుచుకోవు. బకెట్లో పడేస్తే అంచు పక్కన ఒళ్ళంతా ముడతలు తేలుతుంది. దాన్ని గంజి జోలికి తీసుకెళ్ళకపోవడమే మంచిది.

చీర ఆరేలోపు జాకెట్టు. అసలు మనిషి తీరు చెడేది చాలాసార్లు ఇక్కడే. వేసుకుని అద్దం ముందు రెండు చేతులూ పైకెత్తాలి. జాకెట్టు కింది అంచు అంగుళం కంటే ఎక్కువ లేస్తే చంక కోత లోతైందన్నమాట. చంక కోత కిందికి దిగినకొద్దీ చెయ్యెత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకొస్తుంది, మళ్ళీ కిందికి లాక్కోవాల్సి వస్తుంది. దర్జీకి చెప్పాల్సిన మాట 'చంక బిగుతు తగ్గించండి' అని కాదు, 'చంక కోత పైకి తీసుకోండి' అని. భుజం కుట్టు భుజపుటెముక చివర దాటి ఒక్క అర అంగుళం జారినా మెడ వదులై పక్కకు పోతుంది, ఇక రోజంతా భుజం సర్దుకోవడమే. నూలు లైనింగు వేసే ముందు దాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టారో లేదో అడగాలి. లేకపోతే మొదటి ఉతుకులో లోపలి బట్ట ముడుచుకుని పైబట్ట బుడగలు కడుతుంది. పక్క కుట్ల లోపల అంగుళంన్నర బట్ట వదిలించుకోవడం మరవకూడదు.

చీర కింది అంచుకు వెనకవైపు కుట్టే గుడ్డపట్టీ, అదే ఫాల్‌కూ ఇదే నియమం. నూలు ఫాల్‌ను నానబెట్టకుండా కుట్టేస్తే ఉతికాక అది పొట్టిదై చీర అంచును లాగేస్తుంది. కుచ్చిళ్ళ కింద అంచు అలలు తిరిగి కనిపించిందంటే కారణం అదే, ఇస్త్రీ ఎంత చేసినా పోదు. ఫాల్ విప్పి మళ్ళీ కుట్టడమొక్కటే దారి. కట్టు చెంగు, అంటే నడుము దగ్గర మొదట దోపే కొస దగ్గర 6 అంగుళాలు వదిలి, చీర వెనకవైపు, కింది అంచుకు నూలుపోగంత లోపలికి ఫాల్ పెట్టాలి. ముందు కింది అంచు కుట్టి, చేత్తో సాపు చేసి, పై అంచు తర్వాత కుట్టాలి. పై అంచు కుట్టేటప్పుడు సూది చీర బట్టలో ఒకటి రెండు పోగుల్నే పట్టాలి. దారం బిగించి లాగకూడదు. నేత చీరకు మెషిన్ కుట్టు వేస్తే ముందు వైపు గీతలా కనిపిస్తుంది. హెమ్మింగుకు ఒక గంట కూర్చోవాలి, అంతే.

మధ్యాహ్నం ఇస్త్రీ. చీర ఎండిపోయి ఉంటే నీళ్ళు చిలకరించి, చాపలా చుట్టి, అరగంట అలా ఉంచాలి. చెమ్మ లోపలికంతా సమంగా పాకుతుంది. ముందు అంచులు, తర్వాత ఒళ్ళు, చివర కొంగు. జరీ మీద నేరుగా ఇస్త్రీపెట్టె పెట్టకుండా వెనక్కి తిప్పి పలచటి గుడ్డ అడ్డం వేయాలి. పెట్టె మరీ వేడైతే గంజి గోధుమరంగుకు తిరిగి పెట్టె అడుక్కి అంటుకుంటుంది.

ఇక కట్టుకోవడం. ఇది తెలుగువాళ్ళకు చెప్పేదేముందనుకుంటాం కానీ, కొన్ని చిన్న విషయాలు ఎవరూ చెప్పరు. చెప్పులు ముందే తొడుక్కోవాలి. మడమ ఎత్తు అర అంగుళం మారినా చీర పొడవు మారిపోతుంది. గృహప్రవేశంలో చెప్పులు గుమ్మం బయటే విడవాలి కనుక రేపటికి సమతల చెప్పులే నయం. ఎత్తు మడమలకు కట్టిన చీర, అవి విప్పగానే నేలమీద ఈడుస్తుంది, ఇక చేత్తో పట్టుకు తిరగాల్సిందే. లోలంగా చీర కంటే అంగుళం పొట్టిగా ఉండాలి. బొందు ముడి బొడ్డు మీద కాకుండా కుడిపక్క నడుము దగ్గర పడాలి. ముడి మధ్యలో ఉంటే కుచ్చిళ్ళు దాని మీద కూర్చుని ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. బొందు ఎంత బిగువుగా ఉండాలంటే, కూర్చున్నప్పుడు ఊపిరాడాలి, రెండు వేళ్ళు మాత్రమే దూరాలి. చీర మొత్తం ఆనేది దాని మీదే.

గంజి పెట్టిన నూలు చీరకు 5 నుంచి 6 కుచ్చిళ్ళు, ఒక్కోటి బొటనవేలి నుంచి చిటికెనవేలిదాకా వచ్చేంత వెడల్పు. ఎక్కువ పెడితే ముందు గుత్తిలా లేస్తాయి. అన్నీ కలిపి పట్టుకుని ఒకసారి దులిపి, కింద అంచులు ఒక వరుసకు తెచ్చాకే పైన దోపాలి. పైనుంచి సరిచేస్తే కింద ఎప్పటికీ కలవవు. బొడ్డుకు వేలెడు ఎడమగా, మడతలు ఎడమవైపు చూసేలా దోపాలి. పిన్నీసు పెట్టాల్సింది లోపల, కుచ్చిళ్ళన్నిటినీ లంగాతో కలిపి. అడుగు వేస్తే ముందు అంచు బొటనవేలి గోరును తాకీ తాకనట్టు ఉంటే పొడవు సరిపోయినట్టు. భుజం మీద పైట మడతలు 4 అంగుళాల వెడల్పు, కొంగు వెనక మోకాలి మడత దాకా. పిన్నీసు జాకెట్టు లోపలి నుంచి గుచ్చాలి, మధ్యలో చిన్న గుడ్డముక్క పెట్టాలి. నేత చీరలో పోగులు తెగితే అక్కడ చిరుగు మొదలవుతుంది.

కట్టుకున్నాక పరీక్ష తప్పనిసరి. కుర్చీలో కూర్చుని లేవాలి, కింద బాసింపట్టు వేసుకుని లేవాలి, మెట్లు నాలుగు ఎక్కాలి, చెయ్యెత్తి ఫ్యాను స్విచ్చు వేయాలి. ఏ ఒక్కటి చేసినా చెయ్యి చీర మీదికి వెళ్తే, ఎక్కడికి వెళ్ళిందో అక్కడే లోపం. ఈరోజు సాయంత్రం ఇది చేసి చూస్తే పైట పిన్నీసు ఒక వేలు వెనక్కి జరపాలని తేలింది.

మగవాళ్ళకు పని తక్కువే కానీ తప్పులు ఇవే. పంచె కట్టేవాళ్ళు గంజితోపాటు నీలిమందు దగ్గర జాగ్రత్తపడాలి. నాలుగు చుక్కలు మగ్గు నీళ్ళలో పూర్తిగా కలిపాకే బకెట్లో పోయాలి, లేకపోతే నీలి మరకలు. పొందూరు ఖద్దరు పంచె ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, చేత్తో వడికి నేసిన ఆ బట్టను వాషింగ్ మెషిన్లో వేయడానికి మనసెలా ఒప్పుతుందో తెలియదు. చొక్కాకైతే భుజం కుట్టు, కాలరు లోపలి మడత. ఈ రెండూ శుభ్రంగా ఉంటే మిగతాది ఎవరూ పట్టించుకోరు.

నగలూ అత్తరూ మితంగా. గాజులు బల్లకు తగిలి చప్పుడు చేస్తుంటే మాట్లాడేవాళ్ళకు అడ్డం. అత్తరు చెవి వెనక, మణికట్టు మీద రెండు చుక్కలు చాలు. పక్కన కూర్చున్నవాళ్ళకు తెలియాలి, గది అవతలివాళ్ళకు కాదు.

రేపటికి ఇంకో సిద్ధపాటు ఉంది, అది మాటది. పెద్దవాళ్ళు కనిపించగానే 'నన్ను గుర్తుపట్టారా?' అని అడిగి వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదు. ముందే 'ఫలానావారి పెద్దకోడల్నండీ, తెనాలిలో ఉండేవాళ్ళం' అని చెప్పేస్తే వాళ్ళ ముఖంలో ఎంత తేలికదనం వస్తుందో. కొత్త ఇంట్లో ఖర్చెంతైంది, చదరపు అడుగు ఎంత పడింది అని నలుగురిలో అడగకూడదు. వంటింట్లోకి వెలుతురు బాగా వస్తోందనో, పూజగది తలుపు పనితనం బాగుందనో కంటికి కనిపించిన ఒక్క మంచి మాట చాలు. బంతిలో కూర్చుంటే పక్కవాళ్ళ విస్తట్లో అన్నం పడేదాకా ఆగాలి. వద్దనుకున్నది వడ్డించకముందే 'చాలండీ' అనాలి, వేయించుకుని వదిలేయకూడదు. పక్కవాళ్ళు తింటుండగా లేవకూడదు. వడ్డించే కుర్రాణ్ణి 'ఏయ్ బాబూ' అని కాకుండా 'బాబూ, కాస్త మజ్జిగ పోయమ్మా' అని అడిగితే, ఆ వరసలో అందరికీ మన గురించి తెలిసిపోతుంది. ఫోను మోగితే పక్కకు వెళ్ళి మాట్లాడాలి. రాగానే ఆ ఇంటి పెద్దావిడను పలకరించాలి, వెళ్ళేటప్పుడు ఆవిడకు చెప్పకుండా కదలకూడదు. ఆవిడ అప్పటికి వంటవాళ్ళ దగ్గర చెమటలు కక్కుతూ ఉంటుంది, చాలామంది ఆవిణ్ణే మరిచిపోతారు.

రాత్రి బీరువా సర్దాను. రేపటి చీర కొక్కేనికి వేలాడుతోంది. గంజి పెట్టి కట్టని చీరలు రెండు మిగిలాయి, వానలు మొదలయ్యేలోపు వాటిని ఉతికి గంజి వదిలించాలి. గంజి చీర నెలల తరబడి మడతలో ఉంటే వెండిచేపలు అనే పురుగులు ఆ పిండి కోసం చేరి బట్టనూ కొరుకుతాయి, మడతల దగ్గర నూలు విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలకుండా గుడ్డలో కట్టి మూలన పెట్టాలి. జరీ చీరల మడత మూడు నెలలకోసారి మార్చాలి. కట్టి విప్పిన చీరను వెంటనే మడిచి లోపల పెట్టకుండా, చెమట ఆరేదాకా గాలికి వేలాడదీయాలి.