పన్నెండో రోజు

పాపకి ఈరోజుతో పన్నెండు రోజులు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఏడ్చింది. గంట క్రితమే తాగింది కదా, మళ్ళీ ఆకలా? నా పాలు చాలడం లేదేమో అని మళ్ళీ అదే టెన్షన్. సీసాకైతే గీతలుంటాయి. నా దగ్గర ఎంత తాగిందో నాకెలా తెలియాలి?

పుట్టినప్పుడు 2.9 కిలోలుంది. నాలుగో రోజుకి 2.68కి తగ్గింది. మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలేననీ, 10 శాతం దాకా వస్తే మాత్రం వెంటనే చూడాలనీ నర్సు గారు చెప్పారు. తలైతే ఊపాను గానీ ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచే నోటుబుక్కులో రాస్తున్నాను. లోపలికి పోయేది కనపడకపోయినా బయటికొచ్చేది లెక్కపెట్టుకోవచ్చు. ఐదో రోజు దాటాక రోజుకి కనీసం ఆరు డైపర్లు తడవాలట, ఒంటేలు లేత రంగులో ఉండాలట. మొదట తారులా నల్లగా వచ్చిన విరేచనం ఐదో రోజుకి పసుపు రంగుకి మారింది. ఆ రంగు చూసి ఏడ్చేశాను, సంతోషంతోనే. నిన్నటి లెక్క: పాలు పదిసార్లు, తడి డైపర్లు ఏడు, విరేచనాలు నాలుగు.

ఇప్పుడు పాపనే చూడడం నేర్చుకుంటున్నాను. మొదట గబగబా చప్పరిస్తుంది. పాలు దిగాక నెమ్మదిస్తుంది, అప్పుడు గుటక వినిపిస్తుంది. తాగడం మొదలుపెట్టినప్పుడు బిగుసుకున్న పిడికిళ్ళు కడుపు నిండేసరికి విచ్చుకుంటాయి. "ఏడ్చేదాకా ఆగకే, నోరు తిప్పి వెతుకుతున్నప్పుడే పట్టు" అంటుంది అమ్మ. నిజమే, ఏడుపు మొదలయ్యాక రొమ్ము సరిగ్గా పట్టుకోదు. సాయంత్రాలు మాత్రం రెండు మూడు గంటల పాటు వదలకుండా తాగుతూనే ఉంటుంది. పాలు లేకనే అనుకునేదాన్ని. ఈ వయసు పిల్లలు చాలామంది అంతేనట.

ఈరోజు తూకం 2.93. ఎనిమిది రోజుల్లో పావు కిలో. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి వస్తే చాలన్నారు, ముందే వచ్చేసింది. తూకం ముల్లు కాస్త అటూ ఇటూ ఆడి ఆగేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

ఇక రాయడం మానెయ్యొచ్చు కదా అన్నారు ఆయన. పాలకి కూడా లేవకుండా మగతగా పడుకున్నా, నోరు ఎండినా, డైపర్లు తడవకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలని అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. అది చెరపను. ఇంకొన్నాళ్ళు రాస్తాను.

ఈరోజు ఇప్పటికి తడివి ఆరు.