మన్‌హాటన్‌లో అందరి అచ్చుశాల

న్యూజెర్సీ నుంచి బస్సులో వచ్చి పోర్ట్ అథారిటీ టెర్మినల్‌లో దిగే మనవాళ్ళలో చాలామంది నేరుగా టైమ్స్ స్క్వేర్ వైపు నడుస్తారు. నేను మాత్రం ఈసారి అక్కడికి దగ్గరలోనే, వెస్ట్ 39వ వీధి 323వ నంబరు భవనంలో ఉన్న రాబర్ట్ బ్లాక్‌బర్న్ ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాప్‌కు వెళ్ళాను. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, పారిస్‌లో పేరు తెచ్చుకుని, చివరకు న్యూయార్క్‌లో స్థిరపడిన కృష్ణారెడ్డి గారి అచ్చుచిత్రాలను ప్రదర్శనల్లో చూసినప్పటి నుంచి, అటువంటి పని జరిగే చోటును కళ్ళారా చూడాలన్న కోరిక నాలో బలంగా ఉండేది.

లోపల అడుగుపెట్టగానే సిరా, అవిసె నూనె కలిసిన ఘాటైన వాసన వచ్చింది. ఒక కళాకారిణి మందమైన సున్నపురాయి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీసి, కొద్దిగా నత్రికామ్లం కలిపిన తుమ్మజిగురుతో దాన్ని ముందే సిద్ధం చేసి ఉంచారు. ఆమె తడి స్పాంజితో రాయిని తుడిచి, వెంటనే దాని మీద సిరా రోలరును దొర్లించారు. తడిసిన చోట సిరా నిలవలేదు. జిడ్డు గీతలున్న చోట మాత్రం పట్టుకుని, పొర మీద పొరగా నల్లబడింది. మళ్ళీ తడి, మళ్ళీ రోలరు. చివరకు కాగితం పరచి, రాయిని ప్రెస్సు కిందికి తోసి, మరలను తిప్పారు. కాగితాన్ని ఒక మూల నుంచి మెల్లగా లేపుతుంటే, రాతి మీద కుడివైపున్న చెట్టు కాగితం మీద ఎడమవైపు కనిపించింది. శిలాముద్రణ (లిథోగ్రఫీ) గురించి ఎంత చదివినా, ఆ కాసేపు చూసినంత తేటగా నాకు అర్థం కాలేదు.

ఈ సంస్థ గొప్పతనం యంత్రాల కంటే వాటిని పంచుకునే పద్ధతిలో ఉందని నా నమ్మకం. ఇంతటి ప్రెస్సును, ఇన్ని రాళ్ళను సొంతంగా సమకూర్చుకోవడం ఏ యువ కళాకారుడికైనా తలకు మించిన భారం. జమైకా నుంచి వలస వచ్చిన దంపతులకు 1920లో పుట్టి, హార్లెంలో పెరిగిన బ్లాక్‌బర్న్, అక్కడి సామాజిక కళాకేంద్రంలో శిలాముద్రణ నేర్చుకుని, 1940ల చివర్లో తన ప్రెస్సును అందరికీ అందుబాటులో ఉంచాడు. నల్లజాతి కళాకారులకు చాలా తలుపులు మూసుకుపోయి ఉన్న రోజుల్లో, జాతినీ దేశాన్నీ అడగకుండా, డబ్బు లేదని వెనక్కి పంపకుండా పని నేర్పడం చిన్న విషయం కాదు. 1971లో ఆ అచ్చుశాల లాభాపేక్ష లేని సంస్థగా నమోదైంది. బ్లాక్‌బర్న్ కొంతకాలం మరో ముద్రణాలయంలో ప్రధాన ముద్రకుడిగానూ పనిచేశాడు. అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ చిత్రాన్ని అచ్చువేస్తుండగా రాయి పగిలిపోతే, ఆ పగులునే చిత్రంలో భాగం చేసుకున్న ‘యాక్సిడెంట్’ అక్కడ పుట్టినదే; దానికి 1963లో అప్పటి యుగోస్లావియాలోని ల్యుబ్లియానా నగరంలో జరిగిన అంతర్జాతీయ అచ్చుచిత్రాల ప్రదర్శనలో అగ్రబహుమతి దక్కింది.

రంగుల శిలాముద్రణలో సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో రాయి కావాలి. కృష్ణారెడ్డి గారు సాధన చేసిన పద్ధతిలో ఒకే లోహపు పలకను వేర్వేరు లోతుల్లో చెక్కి, అవిసె నూనె పాళ్ళు మార్చి కలిపిన సిరాలను గట్టి, మెత్తని రోలర్లతో పూసి, ఒక్క ఒత్తిడితో అన్ని రంగులనూ తెస్తారు. ఈ రెండు దారుల్లోనూ చేతికి ఓర్పు అలవడడానికి ఏళ్ళు పడుతుంది కనుకనే, పక్కన నిలబడి చూపించే మనిషి ఉండే ఇటువంటి చోటు అవసరమని అక్కడ నాకు తోచింది.

బ్లాక్‌బర్న్ 2003లో మరణించాడు. అంతకుముందే మూతపడిన వర్క్‌షాప్‌ను ఎలిజబెత్ ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 2005లో ఇప్పటి భవనంలో మళ్ళీ తెరిచింది. ఆయన రూపకల్పన చేసిన రంగురంగుల మొజాయిక్‌ను చూడాలనుకునేవారు 6వ నంబరు రైలెక్కి, 116వ వీధి స్టేషన్‌లో దిగాలి. నేనూ ఆ సాయంత్రం అటే వెళ్ళాను.